ఆటో స్పేర్ పార్ట్స్ షాపుకు కార్బన్ లెక్క ఎలా వేయాలి: కరెంటు బిల్లు నుంచి తగ్గింపు హామీ దాకా

అనంతపురం, కర్నూలు, కడపల్లో స్పేర్ పార్ట్స్ వ్యాపారం చేసేవాళ్లు ఈ మధ్య ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. "కంపెనీ వాళ్లు ఒక ఎక్సెల్ షీటు పంపి మీ షాపు ఉద్గారాలు రాయమన్నారు. స్కోప్ 1, 2, 3 అని గళ్లు ఉన్నాయి. వాటిలో ఏం రాయాలి?" పక్క షాపు వాళ్లు రాసిన అంకెల్నే కాస్త అటూ ఇటూ చేసి పంపేస్తున్న వాళ్లూ ఉన్నారు. అలా చేయొద్దు. మీ దగ్గరున్న కాగితాలతోనే సరైన లెక్క వేసుకోవచ్చు. ఉద్గారాలంటే మీ పని వల్ల గాలిలో కలిసే, వేడిని పెంచే కార్బన్ డయాక్సైడ్ లాంటి వాయువులు. మీరే కాల్చే ఇంధనం, మీ ఏసీలోంచి కారే గ్యాసు స్కోప్ 1. కొన్న కరెంటు స్కోప్ 2. మీ వ్యాపారం వల్ల బయట, వేరేవాళ్ల చేతుల్లో వెలువడేవి స్కోప్ 3.

ఎందుకు అడుగుతున్నారో ముందు తెలుసుకోండి. మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి బీఆర్ఎస్ఆర్ అనే, పర్యావరణ, సామాజిక బాధ్యతల నివేదిక ఇవ్వాలని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన పెట్టింది. అందుకే పెద్ద కంపెనీలు తమతో వ్యాపారం చేసే వాళ్ల వివరాలూ సేకరిస్తున్నాయి. ఆ సెబీ నిబంధన నేరుగా మీ షాపుకు వర్తించదు. కానీ మీరు రాసిచ్చిన అంకె ఇంకొకరి నివేదికలోకి వెళ్తుంది కాబట్టి, దానికి ఆధారం చూపించగలగాలి.

పని ఈ వరసలోనే చేయండి: హద్దు, ఏడాది, కాగితాలు, లెక్క, చివర్లో హామీ. హామీతో మొదలుపెట్టిన వాళ్లంతా తర్వాత ఇబ్బంది పడుతున్నారు.

1. ముందు హద్దు గీయండి

మన దగ్గర చాలా కుటుంబ వ్యాపారాలు బయటికి ఒకే బోర్డుతో కనిపిస్తాయి, కాగితాల మీద మూడు నాలుగు పేర్లతో ఉంటాయి. ఆటోనగర్ షాపు అన్న పేరున, టౌన్ షాపు తమ్ముడి పేరున, గోడౌన్ అమ్మ పేరున ఉంటుంది. మరి ఏది లెక్కలోకి వస్తుంది?

దీనికి తేలికైన పద్ధతి, రోజువారీ పని ఎవరి చేతిలో ఉందో చూడటం. ఏసీ ఎప్పుడు వేయాలి, బండి ఎటు వెళ్లాలి, జనరేటర్ మార్చాలా వద్దా అన్నవి మీరే నిర్ణయిస్తుంటే, పేరు ఎవరిదైనా ఆ షాపు మీ లెక్కలోకే వస్తుంది. ఉద్గారాల లెక్కకు ప్రపంచమంతా వాడే నియమావళి అయిన జీహెచ్‌జీ ప్రోటోకాల్‌లో దీన్ని నిర్వహణ నియంత్రణ పద్ధతి అంటారు. ఒకసారి ఎంచుకున్నాక ఏటా అదే పాటించండి.

డెలివరీ ఆటో విషయంలోనే ఎక్కువమంది తికమక పడతారు. డీజిల్ మీరే పోయించి, ఎక్కడికి వెళ్లాలో మీరే చెబుతుంటే అది స్కోప్ 1. ఆటో డ్రైవర్‌దే అయి, మీరు ట్రిప్పుకు ఇంత అని ఇస్తుంటే స్కోప్ 3.

ఒక తెల్లకాగితం మీద ఇవి రాసి పెట్టుకోండి:

- లెక్కలోకి వచ్చే షాపులు, గోడౌన్లు, ఒక్కోదానికి కరెంటు సర్వీస్ నంబరు
- సొంత బండ్లు, వాటి ఇంధనం
- జనరేటర్లు, ఏసీలు, ఏసీలో ఉన్న గ్యాసు పేరు
- లెక్కలోకి తీసుకోనివి, ఎందుకు తీసుకోలేదో ఒక్క వాక్యం

చివరి అంశాన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. షీటు తనిఖీ చేసేవాళ్లు మాత్రం ముందు దాన్నే అడుగుతారు.

2. ఏడాది ఎంచుకోండి

ఏప్రిల్ నుంచి మార్చి వరకు తీసుకోండి. ఖాతా పుస్తకాలు, జీఎస్టీ, ఆడిటర్ లెక్కలు అన్నీ దానితోనే నడుస్తాయి కాబట్టి కాగితాలు కలుస్తాయి.

మొదటిసారి పూర్తిగా లెక్క వేసిన ఏడాదే మీ ఆధార సంవత్సరం. ఇకమీదట తగ్గిందా పెరిగిందా అన్నది దానితోనే పోల్చాలి. షాపు నెలల తరబడి మూతపడిన ఏడాదిని ఆధారంగా పెట్టుకోకండి. 2020-21 లాంటి ఏడాది తీసుకుంటే ఆ తర్వాత ఎంత పొదుపు చేసినా పెరిగినట్టే కనిపిస్తుంది.

3. కాగితాలు పోగు చేయండి

ఈ పని సరిగ్గా జరిగితే లెక్కకు ఒక సాయంత్రం చాలు. జరగకపోతే నెలైనా తెమలదు.

- ప్రతి సర్వీస్ నంబరుకు 12 నెలల కరెంటు బిల్లులు. మూడు జిల్లాలకూ ఏపీఎస్పీడీసీఎల్ బిల్లులే వస్తాయి
- పెట్రోల్ బంకు బిల్లులు లేదా నెలవారీ ఖాతా
- ఏసీ మెకానిక్ రసీదులు, వాటి మీద ఎంత గ్యాసు నింపాడో
- కొనుగోలు ఇన్‌వాయిస్‌లు, ఇ-వే బిల్లులు, లారీ ఆఫీసు ఇచ్చిన ఎల్ఆర్ (లారీ రసీదు) కాపీలు
- పాత బ్యాటరీలు, వాడిన ఆయిల్, అట్టపెట్టెలు ఎవరికి అమ్మారో రసీదులు
- ఏసీ గ్యాసు అమ్ముతుంటే, ఏ రకం ఎన్ని కిలోలు అమ్ముడైందో స్టాక్ రిజిస్టరు

జనరేటర్ డీజిల్ సాధారణంగా క్యాన్లలో, నగదుతో వస్తుంది. బిల్లు ఉండదు. ఈ రోజు నుంచే జనరేటర్ పక్కన ఒక నోటుబుక్కు వేలాడదీయండి. తేదీ, పోసిన లీటర్లు, నడిచిన గంటలు, పోసినవాళ్ల సంతకం, ఈ నాలుగు గడులు చాలు. గడిచిన నెలలకు నడిచిన గంటల్ని బట్టి అంచనా కట్టి, పక్కన 'అంచనా' అని రాయండి. అంచనా రాయడంలో తప్పు లేదు, దాన్ని కొలిచిన అంకెలా చూపించడమే తప్పు.

4. స్కోప్ 1: మీ చేతుల్లో కాలేది, మీ ఏసీలోంచి కారేది

ఇంధనం లెక్క సులువు. లీటర్లను ఈ గుణకాలతో హెచ్చించండి:

- డీజిల్: లీటరుకు సుమారు 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్
- పెట్రోల్: లీటరుకు సుమారు 2.31 కిలోలు
- ఎల్పీజీ: కిలోకి దాదాపు 3 కిలోలు

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్ మొక్కల నుంచి వచ్చింది కాబట్టి దాని కార్బన్ డయాక్సైడ్‌ను పద్ధతి ప్రకారం విడిగా చూపించాలి. చిన్న షాపు మొదటి ఏడాది మొత్తానికీ 2.31 వాడితే లెక్క కాస్త ఎక్కువ చూపిస్తుందే తప్ప తక్కువ చూపించదు. అలా చేశానని రాసిపెట్టండి, చాలు.

ఇక ఏసీ గ్యాసు. ఏసీలో నిండుగా ఉన్న గ్యాసును లెక్కపెట్టకూడదు. ఆ ఏడాది కారిపోయిందే లెక్క, అంటే మెకానిక్ మళ్లీ నింపినంత. ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్ర సంఘం ఐపీసీసీ ఇచ్చిన ఐదో నివేదిక ప్రకారం వందేళ్ల వ్యవధిలో ఒక కిలో ఆర్-32 గ్యాసు 677 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో, ఆర్-410ఏ 1924 కిలోలతో సమానం. పాత ఏసీల్లో ఉండే ఆర్-22ను స్కోపుల్లో కలపకుండా విడిగా రాయాలి. ఈసారి మెకానిక్ వచ్చినప్పుడు రసీదు మీద గ్యాసు పేరు, గ్రాములు రాయించుకోండి. 'గ్యాస్ ఫిల్లింగ్' అన్న ఒక్క మాటతో ఏమీ తేలదు.

ఒక ఊహాత్మక షాపు తీసుకుందాం. అనంతపురంలో ఒక కౌంటర్, ఒక గోడౌన్, ఒక డీజిల్ ఆటో, రెండు బైకులు.

- జనరేటర్ డీజిల్ 240 లీటర్లు: 643 కిలోలు
- ఆటో డీజిల్ 720 లీటర్లు: 1,930 కిలోలు
- బైకుల పెట్రోల్ 300 లీటర్లు: 693 కిలోలు
- ఏసీలో నింపిన ఆర్-32, 600 గ్రాములు: 406 కిలోలు

మొత్తం 3,672 కిలోలు, దాదాపు 3.7 టన్నులు.

5. స్కోప్ 2: కరెంటు

బిల్లులో రూపాయలు వదిలేసి యూనిట్లు తీసుకోండి. కేంద్ర విద్యుత్ అథారిటీ దేశమంతటి గ్రిడ్‌కు ఏటా ఒక గుణకం ప్రకటిస్తుంది. 2023-24కి అది యూనిట్‌కు 0.727 కిలోలు. మీరు ఏ ఏడాది లెక్క వేస్తున్నారో ఆ ఏడాది అంకె వాడండి, పక్కన ఏ ఏడాదిదో రాయండి.

మన ఊహాత్మక షాపు ఏడాదికి 13,200 యూనిట్లు వాడిందనుకుందాం. 0.727తో హెచ్చిస్తే 9,596 కిలోలు, అంటే 9.6 టన్నులు. స్కోప్ 1, 2 కలిపి 13.3 టన్నులు.

ఇక్కడ ఎక్కువగా జరిగే తప్పులు:

*ఓనరు మీటరు.* కాంప్లెక్సులో నాలుగు షాపులకు ఒకటే మీటరు ఉంటే, చదరపు అడుగుల లెక్కన పంచి 'అంచనా' అని రాయండి. వచ్చే ఏడాదికి సబ్‌మీటరు పెట్టించుకోండి. ఖర్చు తక్కువ, ఓనరుతో గొడవ కూడా తగ్గుతుంది.

*కేవీఏహెచ్, కేడబ్ల్యూహెచ్.* లోడు ఎక్కువున్న బిల్లుల్లో రెండూ ఉండొచ్చు. మనకు కావలసింది కేడబ్ల్యూహెచ్, అంటే మామూలుగా మనం యూనిట్లు అనేవి.

*నెట్ మీటర్.* పైన సోలార్ ఉన్నవాళ్లు బిల్లు వేసిన నికర యూనిట్లే రాస్తుంటారు. అది సరికాదు. గ్రిడ్ నుంచి తీసుకున్న మొత్తం యూనిట్లు, అంటే ఇంపోర్ట్ రీడింగ్ రాయాలి. గ్రిడ్‌కు పంపిన యూనిట్లను అందులోంచి తీసేయకుండా వేరే వరసలో చూపించాలి.

*"మన జిల్లాలోనే సోలార్ పార్కు ఉంది కదా."* ఓర్వకల్లు వైపు 1000 మెగావాట్ల పార్కు ఉన్న మాట నిజం. అనంతపురం వైపూ పార్కులున్నాయి. కానీ ఆ కరెంటు అందరి గ్రిడ్‌లోకీ వెళ్తుంది. పార్కు దగ్గరున్నంత మాత్రాన మీ షాపు యూనిట్ సున్నా కాదు. దాని వాటా 0.727లో ఇప్పటికే కలిసి ఉంది.

6. స్కోప్ 3: అసలు బరువంతా ఇక్కడే

జీహెచ్‌జీ ప్రోటోకాల్‌లో స్కోప్ 3కి 15 విభాగాలున్నాయి. అన్నీ చూసి టెన్షన్ పడకండి. పార్ట్స్ షాపుకు నిజంగా ముఖ్యమైనవి కొన్నే: కొన్న సరుకు, సరుకు రవాణా, చెత్త, పనివాళ్ల రాకపోకలు, అమ్మిన సరుకు వాడకం.

6.1 అమ్మిన ఏసీ గ్యాసు

ముందు దీని గురించే చెప్పాలి, ఎందుకంటే షీట్లలో ఇది దాదాపు ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది.

మీరు అమ్మిన బ్రేక్ ప్యాడ్ ఉన్న బండి తాగే డీజిల్‌ను మీరు లెక్కపెట్టనక్కర్లేదు. అది పరోక్ష వాడకం, చూపించడం మీ ఇష్టం. కానీ అమ్మిన వస్తువులోనే వేడిని పెంచే వాయువు ఉంటే, అది బయటికి పోవడాన్ని లెక్కలోకి తీసుకోవాలి. కార్ల ఏసీలో నింపే ఆర్-134ఏ సరిగ్గా అలాంటిదే. ఒక కిలో 1300 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం.

450 గ్రాముల చిన్న డబ్బా అంటే 585 కిలోలు. 13.6 కిలోల సిలిండర్ అంటే 17.7 టన్నులు. మన ఊహాత్మక షాపు ఏడాదికి మూడు సిలిండర్లు అమ్మితే 53 టన్నులు. ఏడాదంతా షాపు కరెంటు, డీజిల్, పెట్రోల్, ఏసీ అన్నీ కలిపి 13.3 టన్నులే కదా. దానికి నాలుగింతలు ఆ మూడు సిలిండర్లలోనే ఉంది. రాయలసీమ ఎండల్లో ఏప్రిల్, మే నెలల్లో కార్ ఏసీ పని ఎంత ఉంటుందో కౌంటర్‌లో కూర్చునే వాళ్లకు చెప్పనక్కర్లేదు.

అమ్మినదంతా ఎప్పటికో గాలిలో కలుస్తుందని పూర్తి బరువు మీద లెక్క వేయడం సురక్షితం. మెకానిక్ పాత గ్యాసును యంత్రంతో వెనక్కి తీసుకున్నట్టు రసీదు ఉంటేనే తగ్గించండి.

6.2 సరుకు రవాణా

అనంతపురానికి ఎక్కువగా బెంగళూరు నుంచి, కర్నూలుకు హైదరాబాద్ నుంచి, కడపకు చెన్నై నుంచి పార్సిల్ లారీల్లో సరుకు దిగుతుంది. బరువు ఎల్ఆర్ మీద ఉంటుంది, దూరం ఇ-వే బిల్లులో ఉంటుంది. ఆ రెండింటినీ హెచ్చిస్తే టన్ను-కిలోమీటర్లు వస్తాయి.

గుణకం ఎక్కడిదని అడిగితే చెప్పగలిగేలా మీరే వేసుకోవచ్చు. 10 టన్నులతో లీటరుకు 4 కిలోమీటర్లు ఇచ్చే లారీ అనుకుంటే, 2.68ని 4తో, ఆ వచ్చినదాన్ని 10తో భాగించాలి. టన్ను-కిలోమీటరుకు 0.067 కిలోలు వస్తుంది. ఖాళీగా తిరిగి వెళ్తే దాదాపు రెట్టింపు. మధ్యస్థంగా 0.1 పెట్టుకోవడం న్యాయం. ఏడాదికి 60 టన్నుల సరుకు 215 కిలోమీటర్లు వస్తే 12,900 టన్ను-కిలోమీటర్లు, 1.3 టన్నుల ఉద్గారం.

ఒక జాగ్రత్త. ఇ-వే బిల్లు సాధారణంగా 50,000 రూపాయలు దాటిన సరుకుకే ఉంటుంది. చిన్న పార్సిళ్లు, బస్సు పార్సిళ్లు అందులో కనిపించవు. వాటికి ఎల్ఆర్ లేదా పార్సిల్ రసీదే దిక్కు.

6.3 కొన్న సరుకు

ఇది కచ్చితంగా తేలే లెక్క కాదు. రెండు దారులున్నాయి.

మొదటిది: మీకు సరుకిచ్చే కంపెనీ లిస్టెడ్ అయితే, దాని బీఆర్ఎస్ఆర్‌లో ఆరో సూత్రం కింద టర్నోవర్‌లో రూపాయికి ఎంత ఉద్గారమో ఉంటుంది. దాన్ని మీ కొనుగోలు రూపాయలతో హెచ్చించండి. ఇందులో ఆ కంపెనీ సొంత స్కోప్ 1, 2 మాత్రమే ఉంటాయి, వాళ్లు కొన్న ఉక్కు ఉండదు. అందుకే దీన్ని 'కనీసం' అని రాయాలి.

రెండోది బరువు దారి. మన దేశంలో టన్ను ఉక్కు తయారీకి రెండున్నర టన్నుల దరిదాపు కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. లీఫ్ స్ప్రింగులు, యాక్సిళ్లు, బేరింగుల్లాంటి బరువైన ఉక్కు సరుకుకు ఇది పనికొస్తుంది. రబ్బరు, ప్లాస్టిక్, ఎలక్ట్రికల్ పార్ట్స్‌కు పనికిరాదు. ఒకే సరుకుకు రెండు దారులూ వాడి కలపకండి.

6.4 మిగతావి

పనివాళ్ల రాకపోకలకు ఒక్కొక్కరినీ ఇల్లు ఎంత దూరం, దేనిమీద వస్తారు అని అడిగితే సరిపోతుంది. చెత్తలో అట్టపెట్టెలది చిన్న అంకె.

పాత బ్యాటరీలు, వాడిన ఆయిల్‌కు కార్బన్ కంటే చట్టం ముఖ్యం. వాడిన ఆయిల్ 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి, బ్యాటరీలు 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల కిందికి వస్తాయి. అనుమతి ఉన్న రీసైక్లర్‌కే ఇచ్చి రసీదు దాచండి. వాడిన ఆయిల్‌ను పొయ్యికో బట్టీకో అమ్మితే గాలి పాడవుతుంది, కేసూ అవుతుంది.

7. షీటు నింపేటప్పుడు

ఒక్కో వరసలో ఈ గడులు ఉండాలి: నెల, షాపు, వనరు, పరిమాణం, యూనిట్, గుణకం, గుణకం ఏ ఏడాదిది, వచ్చిన కిలోలు, ఆధారం, కొలిచిందా అంచనానా.

తరచూ కనిపించే తప్పులు, వాటి మందు:

- కిలోల అంకెను టన్నుల గడిలో రాయడం. షీటు చివర 1000తో ఒక్కసారే భాగించండి
- ఏసీ గ్యాసుల గుణకాలు వేర్వేరు ఐపీసీసీ నివేదికల నుంచి తీసుకోవడం. ఒకే నివేదిక పట్టుకోండి
- జనరేటర్ డీజిల్‌ను స్కోప్ 2లో వేయడం. కరెంటు ఇచ్చినా అది స్కోప్ 1
- తెలియని గడిలో సున్నా పెట్టడం. సున్నా అంటే లేదని అర్థం. 'లెక్కించలేదు' అని రాయండి

8. ఇప్పుడు హామీ రాయండి

మంచి హామీలో నాలుగు అంశాలు ఉంటాయి: ఏ స్కోపులు, ఏ ఆధార సంవత్సరం, ఎంత శాతం, ఎప్పటికల్లా. "పర్యావరణానికి కట్టుబడి ఉన్నాం" అన్న వాక్యంలో ఒక్కటీ లేదు.

ఎంత శాతం అన్నదానికి ఒక కొలమానం ఉంది. ఉష్ణోగ్రత పెరుగుదలను 1.5 డిగ్రీలకు పరిమితం చేసే దారిలో, సైన్స్ బేస్డ్ టార్గెట్స్ పద్ధతి స్కోప్ 1, 2లకు ఆధార సంవత్సరపు ఉద్గారాల్లో ఏటా 4.2 శాతం చొప్పున తగ్గింపును సూచిస్తుంది. ఐదేళ్లకు 21 శాతం. మన షాపు 13.3 టన్నుల నుంచి 10.5కి రావాలి.

వస్తుందా? 5 కిలోవాట్ల సోలార్‌తో రోజుకు కిలోవాట్‌కు 4 యూనిట్ల లెక్కన ఏడాదికి 7,300 యూనిట్లు. షాపు మూసిన రోజులవి గ్రిడ్‌కు పోతాయి కాబట్టి 5,500 యూనిట్లు సొంతానికి పడ్డాయనుకుందాం. 4 టన్నులు తగ్గుతుంది. లక్ష్యం దాటినట్టే. మన ఎండకు సోలార్‌ను మించిన మొదటి అడుగు లేదు.

ఎలక్ట్రిక్ ఆటోను రెండో అడుగుగా పెట్టండి. 720 లీటర్ల డీజిల్‌తో ఆటో దాదాపు 18,000 కిలోమీటర్లు తిరిగితే, అదే దూరానికి ఎలక్ట్రిక్ ఆటోకు సుమారు 1,800 యూనిట్లు కావాలి. అంటే 1.3 టన్నులు, డీజిల్‌కు 1.9. తగ్గింది కానీ సున్నా కాలేదు. పగలు సోలార్ మీద చార్జ్ చేస్తే అసలు లాభం. ఆటోనగర్‌కు గంటకో ట్రిప్పు బదులు రోజుకు మూడు ట్రిప్పులుగా ఆర్డర్లు కలపడానికైతే పెట్టుబడే అక్కర్లేదు.

సొంత ఆటో అమ్మేసి బయటి ఆటో పెట్టుకుంటే స్కోప్ 1 తగ్గుతుంది, స్కోప్ 3 పెరుగుతుంది. దాన్ని తగ్గింపుగా రాయకూడదు.

ఏసీ గ్యాసుకు విడిగా హామీ పెట్టండి. గ్యాసు కొనే మెకానిక్‌లతో ముందు లీకు పరీక్ష, పాత గ్యాసు రికవరీ అలవాటు చేయించడమే అసలు మార్గం. తక్కువ కార్బన్ అని చెప్పి మండే గ్యాసులను పాత కార్ల ఏసీకి అమ్మొద్దు. ఆ ఏసీలు వాటికోసం తయారు కాలేదు, అది ప్రాణాల మీదికి వచ్చే పని. కొత్త కార్లలో వచ్చే ఆర్-1234వైఎఫ్ కూడా దానికోసం తయారైన ఏసీలోనే నింపాలి.

బోర్డు మీద, విజిటింగ్ కార్డు మీద 'కార్బన్ న్యూట్రల్', 'గ్రీన్ షాప్' అని వేయించే ముందు ఆగండి. ఆధారం లేని పర్యావరణ ప్రకటనల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2024 అక్టోబర్‌లో మార్గదర్శకాలు తెచ్చింది. "2024-25తో పోలిస్తే 2029-30కల్లా స్కోప్ 1, 2 ఉద్గారాలు 21 శాతం తగ్గిస్తాం" అని రాస్తే ఎవరు అడిగినా చూపించడానికి మీ దగ్గర షీటు ఉంటుంది.

9. పంపే ముందు ఒకసారి

- ప్రతి సర్వీస్ నంబరుకూ 12 బిల్లులు ఉన్నాయా
- బంకు ఖాతా లీటర్లు, షీటు లీటర్లు కలుస్తున్నాయా
- అమ్మిన గ్యాసు కిలోలు స్టాక్ రిజిస్టరుతో సరిపోయాయా
- అంచనాలన్నిటి పక్కనా 'అంచనా' అని ఉందా
- లెక్క వేసినవాళ్లు కాక ఇంకొకరు కనీసం మూడు వరసలైనా బిల్లులతో సరిచూశారా
- వదిలేసిన విభాగాలకు కారణాలు రాశారా

షీటు, బిల్లుల ఫొటోలు ఒకే ఫోల్డర్‌లో, ఏడాది పేరుతో దాచండి. తర్వాత తప్పు దొరికితే పాత ఫైలును చెరపకుండా, సరిదిద్దిన అంకె, కారణం, తేదీ రాసి కొత్త కాపీ పంపండి. ఆధార సంవత్సరం అంకె మారితే హామీలోని టన్నులూ మారతాయి, శాతం మాత్రం అలాగే ఉంచండి.